నాణేల తాత తిట్లు

"ముందు వీణ్ణి కన్నవాళ్ళని అనాలి," అన్నాడు తాత, కెమెరాలోకి చూస్తూ.

చేతిలో ఒక వెండి నాణెం. దొంగది.

"నలుపు ఎక్కడ పెట్టాడో చూడండి. రాజుగారి ముక్కు మీదా, బుగ్గ మీదా. పదిమంది జేబుల్లో నలిగిన నాణేనికి ముందు అరిగేది మిట్ట. మురికి చేరేది పల్లంలో. అంటే ముక్కు తెల్లగా ఉండాలి, చెవి సందులు నల్లగా ఉండాలి. ఈ సన్నాసి తిరగేసి పెట్టాడు. ఇలాంటివాడికి నాణేలెందుకండీ, గిన్నెలు తోముకోక."

"కట్," అన్నాడు సూపరింటెండెంటు. "బాగా గడ్డి పెట్టావు తాతా."

అది జైలు గ్రంథాలయం. కెమెరా పట్టుకున్నది వార్డరు. పాఠం చెబుతున్నది, దొంగ వెండి నాణేలు పోత పోసి శిక్ష పడ్డ ముసలాయన. ఊళ్ళో పాత నాణేలు సేకరించేవాళ్ళకో సంఘం ఉంది. ఆయన లోపలికొచ్చాక కొన్నాళ్ళు హాయిగానే ఉన్నారు. తర్వాత ఎవడో కొత్తవాడు బయల్దేరాడు. వాడి సరుకు కొని మోసపోయినవాళ్ళు లబోదిబోమంటూ పోలీసుల చుట్టూ తిరిగారు. పోలీసులు నాణేన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు, తిరిగి ఇచ్చేశారు.

అప్పుడు వెలిగింది సూపరింటెండెంటు బుర్ర. దొంగ నాణేన్ని పట్టుకోవడం దొంగ చేతే నేర్పిస్తే సరి. వీడియోలు తీసి లోకం మీదికి వదిలితే పేరు తనకొస్తుంది. ప్రతి వీడియోకీ ముందు ఆయనే వస్తాడు. మొహానికి పౌడరు, మీసానికి నూనె, నోట్లో 'ప్రజాహితం'. సగం పాఠం ఆయన ఉపన్యాసానికే సరి. ఇంతా చేసి, రెండు నాణేలు ఎదురుగా పెడితే రెండూ గుండ్రంగా ఉన్నాయని చెప్పగలడు. అంతకు మించి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు.

"ఫిర్యాదులు ఆగిపోతే నీ శిక్ష తగ్గించమని పైకి రాస్తా," అన్నాడు తాతతో. "ఆగకపోతే మాత్రం నీ ప్రాణం ఈ గోడల మధ్యే పోతుంది. ఆలోచించుకో."

తాత ఆలోచించుకున్నాడు. ఆయనకున్నది ఒక్క కూతురు. ఆమె చేతి ముద్ద తిని పోవాలన్నదే ఆయన కోరిక. ఆ మాట అందరి ముందూ అన్నాడు కూడా.

కూతురు పళ్ళ డాక్టరు దగ్గర అచ్చులు తీసి కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో ఉంది. నెలకోసారి చూడ్డానికొచ్చేది. జాలీకి అటు ఆమె, ఇటు తాత. పక్కనే చెవులు రిక్కించుకుని సూపరింటెండెంటు. పాత దొంగ కదా, ఏ మాటలో ఏం దాస్తాడోనని ఆయన భయం.

"నీ వీడియోలు చూస్తున్నా నాన్నా," అంది ఒకసారి. "మరీ అంతలా తిట్టకు. వినలేకపోతున్నా."

"చేతకాని పని చేసినవాణ్ణి తిట్టక ముద్దు పెట్టుకోమంటావా?"

"కాస్త మెల్లగా చెప్పొచ్చుగా."

"మెల్లగా చెబితే ఎక్కుతుందా?"

సూపరింటెండెంటు పకపకా నవ్వాడు. "నువ్వు చూడమ్మా, చక్కగా పళ్ళు చేసుకుని పరువుగా బతుకుతున్నావు. మీ నాన్నకీ ఆ బుద్ధి ఉంటే ఎంత బాగుండేది." ఆమె తల వంచుకుంది.

సంఘంవాళ్ళు పంపిన ఇంకో దొంగ నాణెం వచ్చింది. ఈసారి నలుపు సందుల్లోనే ఉంది.

"వాడు మన వీడియోలు చూస్తున్నాడోయ్," అని చంకలు గుద్దుకున్నాడు సూపరింటెండెంటు. "భయం పట్టుకుంది వెధవకి."

తాతకి మాత్రం ఒళ్ళు మండింది. "ఈ అంచు చూడండి. గీతలు మొదట లోతుగా ఉన్నాయి, పోను పోను పైపైకి తేలిపోయాయి. సగం పనయ్యేసరికి నిద్రొచ్చినట్టుంది దొరగారికి. వెండి సరిగ్గా కాగలేదు, ఒళ్ళంతా సూదిమొనలంత గుంటలు. ఓపిక లేనివాడు ఈ పనిలోకి రాకూడదు. ఛీ." అంటూ నాణేన్ని బల్ల మీదికి గిరాటేశాడు. తిట్లు జనానికి తెగ నచ్చాయి. ఇళ్ళల్లో పిల్లలు కూడా ఆయన్ని అనుకరించసాగారు.

ఫిర్యాదులు తగ్గాయి. తర్వాత తిట్టడానికి నాణెం దొరకడమే కష్టమైంది. చివరికి ఒక్క ఫిర్యాదూ రాలేదు. దొంగ తోక ముడిచాడని పత్రికలు రాశాయి. సూపరింటెండెంటు ఫొటో పెద్దగా, తాత ఫొటో తపాలా బిళ్ళంత వేశాయి.

తాతకి విడుదల వచ్చింది. పంపించే ముందు జైల్లోనే చిన్న సభ పెట్టారు. సంఘం పెద్దలు వచ్చారు. వాళ్ళ జ్ఞాపికగా సూపరింటెండెంటు చేతుల మీదుగా తాతకి ఒక పాత వెండి నాణెం ఇచ్చారు. ఏరి కోరి తెచ్చామన్నారు. తాత నేర్పిన పరీక్షలన్నీ పెట్టి, భూతద్దాలతో చూసి, అసలు సిసలైనదని అందరూ ఒప్పుకున్న నాణెమట. చప్పట్లు మోగాయి. తాత దాన్ని చూడకుండానే జేబులో వేసుకుని దణ్ణం పెట్టాడు.

గేటు బయట కూతురు నిలబడి ఉంది. ఇద్దరూ ఇంటికెళ్ళే బస్సెక్కారు. వెనక సీటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చున్నారు. బస్సు మలుపు తిరిగింది, జైలు గోడ కనుమరుగైంది.

అప్పుడు తాత నాణెం బయటికి తీశాడు. వెలుతురుకి పెట్టి ముక్కు చూశాడు, చెవి సందులు చూశాడు. గోటితో అంచంతా ఒక్కో గీతా తడిమాడు. కూతురు ఆయన మొహంలోకే చూస్తోంది.

తాత ఆ నాణేన్ని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "ఇన్నాళ్ళకి తిట్టడానికి వంక దొరక్కుండా పోశావే తల్లీ," అన్నాడు.