చూసిపోయేవాళ్లు

కుమ్మరి తన తోపుడుబండిని సందుకు అడ్డంగా తోశాడు. "వెనక్కి పొండి! ఇదేమన్నా జూ అనుకున్నారా?"

టీచరమ్మ వెనక ఊరు చూడ్డానికి వస్తున్న పదిమందీ ఆగిపోయారు. నగరంలో ఎవరికీ తెలియని మూలలను ఆదివారాల్లో వాళ్లకు చూపించడం ఆమెకు సరదా.

"ఎందుకండీ అంత కోపం? కాసేపు చూసిపోతాం, అంతేగా," అందామె.

"పోయిన వారం మా అమ్మ స్నానం చేస్తుంటే కూడా చూసిపోయారు, మీలాంటివాళ్లే. మీ ఇల్లెక్కడో చెప్పండి. వచ్చే ఆదివారం మేమూ ఇంటిల్లిపాదీ వచ్చి మీ వంటిల్లు చూసిపోతాం."

"తప్పకుండా రండి," అంటూ ఆమె పౌరుషంగా అడ్రసు చెప్పింది.

అతను ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆ ఇల్లా! మొన్న మీ పూలకుండీలు తెచ్చింది నేనేనమ్మా. దాహమేసి మంచినీళ్లడిగితే, 'వాణ్ణి గేటు లోపలికి రానివ్వకు' అని మేడ మీంచి ఎవరో కేకేశారు. ఇదే గొంతు."

ఆమె మొహం పాలిపోయింది.

అతను బండిని పక్కకు లాగేశాడు. "రండి, చూసుకోండి. మా వీధికి గేటు లేదు."

పదిమందీ ఆమె వంకే చూస్తున్నారు. ఆమెకు అడుగు ముందుకు పడలేదు.