ఒక్క టేకు

"అతికించినవి వద్దు, అన్నగారూ. ఆయన పాడినవి పాడినట్టే వినిపించండి," అంది తూటా భార్య.

స్టూడియోలో రికార్డిస్టు పాట పెట్టబోయి ఆగిపోయాడు. ర్యాప్ పాడేవాడు తనకు తానే తూటా అని పేరు పెట్టుకున్నాడు గానీ, నోరు తెరిస్తే నత్తి. లయలో పడితే నత్తి దానంతటదే పోతుందంటారు. ఇతనికి ఆ అదృష్టం కూడా లేదు. ఆరు పాటలను ముక్కముక్కగా కోసి, అతికించి, నునుపు చేసేసరికి రికార్డిస్టుకు తల ప్రాణం తోకకొచ్చింది.

తాగుడు మానేసిన పదకొండు నెలల మీద కట్టిన ఆల్బం అది. ఊడిపోయిన ఉద్యోగం, అమ్ముకున్న బండి, పుట్టింటికి వెళ్లిపోయిన పెళ్లాం, అన్నీ ఉన్నాయందులో. అందులో చెప్పింది నిజమని నమ్మకం కుదిరితే మళ్లీ కాపురానికి వస్తానని ఆమె కబురు పంపింది. ఇద్దరికోసం తాను కొత్తగా అద్దెకు తీసుకున్న ఇంటి తాళంచెవి ఒళ్లో పెట్టుకుని మరీ కూర్చుంది. అద్దం అవతలి గదిలో తూటా గోళ్లు కొరుక్కుంటున్నాడు.

ఇక తప్పక, రికార్డిస్టు అతికించని టేకులు పెట్టాడు. 'మా... మా... మానేశాను' అన్నచోట ఆమె నవ్వింది. వెంటనే కళ్లు తుడుచుకుంది.

"ఆ ఒక్క మాటకే నలభై టేకులు పట్టాయమ్మా."

"నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడగడానికి కూడా అంతే పట్టిందిలెండి."

రికార్డిస్టుకు ధైర్యం వచ్చింది. "మనిషి మాత్రం మారాడమ్మా. రోజూ చూస్తున్నాను కదా, చుక్క ముట్టలేదు. నాదీ పూచీ."

ఆమె తాళంచెవి చేతిలోకి తీసుకుని, అద్దం వైపు చూస్తూ లేవబోయింది.

"ఉండండి, అసలుది వినందే వెళ్తారా? ఆఖరి పాట. మొన్న పొద్దుటినుంచీ మొదటి లైను దాటలేక తల బాదుకున్నాడు. విసుగొచ్చి బయటికెళ్లి, గంట తర్వాత వచ్చాడు. గొంతుకోసమని పిప్పరమెంటు చప్పరిస్తూ నేరుగా మైకు ముందు నిలబడ్డాడు. ఒక్క టేకు. నేను ఎక్కడైనా కోసుంటే ఒట్టు."

పాట మొదలైంది.

'పడ్డచోటే లేచాను, పగిలినవన్నీ ఏరాను,
మళ్లీ నీ గడప ముందు మనిషినై నిలిచాను...'

మాటలు జలజలా రాలాయి. ఎక్కడా తడబడలేదు. తానే పాడినంత గర్వంగా రికార్డిస్టు ఆమె వైపు తిరిగాడు. ఆమె తాళంచెవిని సంచిలో వేసి జిప్పు లాగేసింది. అద్దం అవతల తూటా తల దించుకున్నాడు.

"ఏమైందమ్మా? ఇంత బాగా అతనెప్పుడూ పాడలేదు."

"తెలుసు," అంది ఆమె. "తాగినప్పుడే ఆయనకి నత్తి పోతుంది."