ఏడాది తొలి అడుగు

"తలుపు తీయకు అమ్మాయ్," అన్నాడు ఫర్కర్.

ఇష్‌బెల్ చేయి గడియ మీదే ఆగిపోయింది.

అద్దం తలుపు అవతల ఒకావిడ నిలబడి ఉంది. తలకు కట్టుకున్న ఉన్ని గుడ్డ కిందనుంచి జుట్టు జారి గాలికి ఎగురుతోంది. ఎర్రటి జుట్టు.

కొత్త సంవత్సరం సెలవుల తర్వాత ఊరి లైబ్రరీ తెరిచేది ఆ ఉదయమే.

"ఏడాదిలో మొదట గడప దాటేది ఎర్రజుట్టు ఆడమనిషా? అందులోనూ ఇవాళా?" కాపలా ఫర్కర్ గొంతు తగ్గించాడు. "మా అమ్మ అయితే చీపురు పట్టుకొచ్చేది."

"మీరు నమ్మితే నమ్మండి. నాకలాంటి పట్టింపులు లేవు," అంది ఇష్‌బెల్.

కాని గడియ తీయలేదు.

మధ్యాహ్నం జిల్లా సభలో ఓటింగ్. లోపలి గదిలోని కవి పుస్తకాలన్నీ అమ్మేయాలని కొందరు, వద్దని కొందరు. అటు ఎంతమందో ఇటూ అంతమందే. ఒక్కరు మాత్రం ఇంకా ఎటూ చెప్పలేదు.

నాగలి పట్టిన చేత్తోనే కలం పట్టిన కవి. అతని పాట రాని తాగుబోతు కూడా ఆ ఊళ్ళో లేడు. అతను బతికుండగా అచ్చయిన మొదటి పుస్తకం దగ్గర్నుంచి, సైనికులు జేబుల్లో పెట్టుకుని యుద్ధానికి వెళ్ళిన బుల్లి ప్రతుల దాకా ఆ గదిలో ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి వాటి మీద దుమ్మును ఇష్‌బెల్ ఇంకొకరిని తుడవనివ్వలేదు.

బయట ఆవిడ తలుపు తట్టింది.

ఇష్‌బెల్ తలుపు బెత్తెడు తెరిచింది.

"కవి పుస్తకాలు చూడాలమ్మా. బస్సు దిగి నేరుగా వస్తున్నా."

"కాసేపు ఆగండి. ఇంకా తెరవలేదు."

"లోపల లైట్లు వెలుగుతున్నాయిగా?"

"ఇంకొకరు రావాలి," అనేసింది ఇష్‌బెల్.

"ఎవరు?"

ఇష్‌బెల్ తలుపు మూసేసింది.

మంచు కలిసిన వాన మొదలైంది. ఆవిడ కోటు జేబులో చేయి దోపుకుని గోడకు దగ్గరగా జరిగింది.

"వణుకుతోంది ఫర్కర్. నాకేం బాగోలేదు."

"నాకు మాత్రం బాగుందా? అదృష్టం తెచ్చే నల్లజుట్టు మగాణ్ణి ఒక్కణ్ణి ముందు అడుగుపెట్టనీ. తర్వాత ఆవిణ్ణి హీటర్ పక్కన కూర్చోబెట్టి నేనే టీ ఇస్తా."

"పొద్దున మనం రాలేదా లోపలికి?"

"పనివాళ్ళం లెక్కలోకి రాం."

"పోనీ మీరే బయటికెళ్ళి మళ్ళీ రండి. మీదీ నల్లజుట్టేగా."

"ఉన్నప్పుడు నల్లదే. ఇప్పుడున్నది టోపీ."

ఇష్‌బెల్‌కి నవ్వు రాలేదు. గడియారం వైపు చూసింది. "ఒక్క ఓటు, ఫర్కర్. అది అటు పడిందంటే..."

"అందుకే చెబుతున్నా. ఇవాళ ఏ శకునాన్నీ కాదనకు."

చివరికి వీధి మలుపులో ఒకాయన కనిపించాడు. పొడుగాటి మనిషి, ఖరీదైన కోటు. మెట్లెక్కుతూ టోపీ తీసి దులిపాడు. జుట్టు కాకి రెక్కలా నిగనిగలాడింది.

ఫర్కర్ తలుపు బార్లా తెరిచి ఎదురెళ్ళాడు. "రండి బాబూ, రండి."

గోడ దగ్గర నుంచి ఆవిడా కదిలింది.

ఫర్కర్ భుజం అడ్డుపెట్టాడు. "మీరు కాదమ్మా. ముందు ఆయన."

ఆవిడ ఉన్నచోటే నిలబడిపోయింది.

లోపల ఇష్‌బెల్, ఏడాది తొలి అతిథికి ఇచ్చే ఆనవాయితీ ప్రకారం, ఆయన చేతికి గుక్కెడు విస్కీ, ఒక వెన్న బిస్కెట్టు అందించింది.

"మర్యాదలు గట్టిగానే ఉన్నాయే మీ లైబ్రరీలో," అన్నాడాయన.

"ఇవాళ మా అదృష్టం మీ కాళ్ళతో నడిచొచ్చిందండీ. ఏం కావాలి మీకు?"

ఆయన గ్లాసు ఖాళీచేసి జేబులోంచి టేపు తీశాడు.

"కవి పుస్తకాల బీరువాలు కొలవాలి. వేలంపాట కంపెనీ వాళ్ళం. సాయంత్రానికల్లా పెట్టెల కొలతలు పంపమన్నారు."

ఫర్కర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇష్‌బెల్ తలుపు దగ్గరికి పరుగెత్తింది. బయట ఎవరూ లేరు.

పై మెట్టు మీద తడిసిన కాగితం పొట్లం ఉంది. విప్పి చూసింది.

బొగ్గు ముక్క.

కొత్త ఏడాదిలో ఒక గడపకు మొదట వెళ్ళేవాళ్ళు, ఏడాదంతా ఆ కప్పు కింద నిప్పు ఆరకూడదని కోరి తీసుకెళ్ళే బొగ్గు ముక్క. ఇష్‌బెల్ అరచేయి నల్లబడింది.

"మన మంచి కోరే వచ్చింది," అన్నాడు వెనకనుంచి ఫర్కర్.

మధ్యాహ్నం సభ హాల్లో, జనం కూర్చునే బెంచీ చివర కూర్చుంది ఇష్‌బెల్. అక్కడ కూర్చున్నవాళ్ళు వినాలే గాని నోరెత్తకూడదు.

అమ్మొద్దన్నవాళ్ళు చేతులెత్తారు. అమ్మాలన్నవాళ్ళూ ఎత్తారు. సరిసమానం.

అధ్యక్షుడు స్తంభం చాటున ఉన్న కుర్చీ వైపు తిరిగాడు.

"దీవుల నుంచి కొత్తగా గెలిచి వచ్చారు. కళ్ళతో చూడకుండా ఓటెయ్యనన్నారు. చూశారా?"

"పొద్దున వెళ్ళానండీ," అంది ఒక ఆడగొంతు. "కాపాడుకుందామనే వెళ్ళాను. అందరూ ఎలా చూస్తారో అలాగే చూద్దామని, నేనెవరో చెప్పలేదు."

"మరి?"

"అక్కడ అందరికీ తలుపు తీయరు."

ఇష్‌బెల్ లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా," అన్నాడు బంట్రోతు మెల్లగా.

"అయితే మీ ఓటు?" అన్నాడు అధ్యక్షుడు. "అమ్మాలంటే చేయెత్తండి."

స్తంభం చాటునుంచి నిదానంగా పైకి లేచిన చేతి వేళ్ళకు బొగ్గు మసి ఇంకా అంటుకునే ఉంది.