క్యాసెట్ రెండో వైపు

టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు వైరు తగిలించి, జనార్ధన్ బటన్ నొక్కాడు.

కాసేపు గరగర. తర్వాత జోలపాట.

భవిత కళ్లు చెమర్చాయి. తనకు ఏడాదైనా నిండకముందే పోయిన అమ్మ గొంతు అది. అమ్మది ఈ లోకంలో మిగిలింది ఆ పాట ఒక్కటే.

"పైలమన్నా. రేపు నా బిడ్డకు మా అమ్మ పాటనే వినిపియ్యాలె," అంది, ఏడో నెల పొట్ట మీద చెయ్యేసుకుని.

"పరేషాన్ గాకు చెల్లే. కంప్యూటర్ల కెక్కితే ఇగ నీ మనుమలు గూడ వింటరు."

శామీర్‌పేటలో ఇంకా పాత క్యాసెట్లు పట్టించుకునేవాడు అతనొక్కడే.

అంతలో దుకాణం అద్దం తలుపు అవతల నీడ పడింది.

ఎవరో ముసలామె. నెత్తి మీద మక్కకంకుల గంప. భవిత పొట్టనే చూస్తోంది. పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి.

"ఎవరన్నా గామె?"

"ఎన్నడు సూడలే. పెదవులు జూడు... మంత్రమేస్తున్నట్టుంది."

అప్పుడే పాట సాగిసాగి, మూలిగి ఆగిపోయింది. టేపు చిక్కుకుంది.

భవిత రెండు చేతులతో పొట్ట కప్పుకుంది.

ముసలామె తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"నువ్వు భవితవు గదా బిడ్డా?"

"నా పేరు నీకెట్ల దెల్సు?"

ఆమె క్యాసెట్ వైపు వేలు చూపించింది.

"గీ పాట సాలు. రెండో దిక్కు పెట్టకుండ్రి. వింటే నీకు మంచిగుండది."

"కడుపుతోటున్న పిల్ల మీద బాణామతి జేస్తవా? నడువ్!" జనార్ధన్ ఆమెను బయటికి నెట్టాడు. కంకులు రోడ్డు మీద దొర్లాయి.

ఆమె భవిత వైపు తిరిగి మెటికలు విరిచింది.

భయం పట్టిన మనిషికి దిష్టి తీసినా శాపంలాగే కనిపిస్తుంది.

"ఇంకోపారి నా దిక్కు జూస్తే పోలీసులను పిలుస్త!" భవిత అరిచింది.

ముసలామె కంకులైనా ఏరుకోకుండా లారీల దుమ్ములో కలిసిపోయింది.

జనార్ధన్ పెన్సిల్‌తో టేపు బిగించి, ఖాళీ అనుకుని భవిత ఎన్నడూ వినని రెండో వైపుకు క్యాసెట్ తిప్పి పెట్టాడు.

"అట్ల భయపెడ్తరు చెల్లే. ఏం గాదు, విందాం."

గరగర. పసిపిల్ల ఏడుపు. దగ్గు. తర్వాత ఎన్నడూ వినని గొంతు, చాలా నీరసంగా.

"నాకు దమ్ము సాలుతలేదు మైసమ్మా. పాలిచ్చేదానివి నువ్వే, పాట గూడ నువ్వే పాడు. నా భవిత పెద్దగైనంక గిది ఇని, మా అమ్మే పాడిందనుకోనియ్యి. దానికి ఎన్నడు సెప్పకు."

"సెప్ప పటేలమ్మా. ఒట్టు. అయ్యో, గీ డబ్బా ఇంక తిరుగుతనే ఉన్నది!"

భవిత తలుపు తీసుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. నలిగిన కంకులు తప్ప అక్కడ ఎవరూ లేరు.

దుకాణంలో, ఇన్నేళ్లూ భవిత తన అమ్మదనుకున్న గొంతుతో, మైసమ్మ జోలపాట అందుకుంది.