జాబితాలో ఏడు దొంగమాటలు

"ఇరవై మాటలు చాలు. సాయంత్రంలోగా ఇచ్చెయ్" అన్నాడు మేనేజరు.

ఆ ఆఫీసులో తయారవుతున్నది, అక్షరాల పలకలు పేర్చి మాటలు కట్టే ఫోన్ ఆట. జాబితాలో ఉన్న మాట కడితే ఒప్పుకుంటుంది, లేకపోతే ఎర్రగా మెరిసి తోసేస్తుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ముందుగా ఓ చిన్న పరీక్ష జాబితా కావాలి. ఆ పని ఎప్పుడూ ఆమె నెత్తినే పడుతుంది. ముప్పై నిండకుండానే ఆఫీసంతా ఆమెను పదాల పిన్నిని చేసేసింది.

పదమూడు మాటలు మామూలువే రాసింది. మిగతా ఏడూ ఏ నిఘంటువులోనూ ఉండవు. గుబిలి, టింకారు, చెమ్మిడు... చిన్నప్పుడు పెద్దవాళ్ల ఎదుటే, వాళ్లకు అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి అన్నయ్యా తనూ కల్పించుకున్నవి. నాన్న కోపంగా ఉంటే గుబిలి. బడి ఎగ్గొడితే టింకారు.

ఆ అన్నయ్య నాన్నతో మాటా మాటా పెరిగి ఇల్లు వదిలి పదకొండేళ్లయింది. నాన్న పోయినప్పుడూ రాలేదు. పోలీసులు ఎప్పుడో చేతులెత్తేశారు. ఆమె మాత్రం ఊళ్లు పట్టుకుని తిరిగింది. తిరిగి తిరిగి, తిండి మీద ధ్యాస పోయి, చిక్కి సగమైంది.

ఆట విడుదలయ్యే ముందు పరీక్ష మాటలు తీసెయ్యాలి. ఆ ఏడూ ఆమె తీయలేదు.

"మా దొంగమాటలు ఏడూ ఆటలోనే ఉంచేశాను. అవి కట్టగలిగేది అన్నయ్య ఒక్కడేనమ్మా" అంది ఆ రాత్రి కంచం ముందు కూర్చుని.

"మీ గోల నాకేం తెలుసే. ముందు రెండు ముద్దలు తిను" అంది తల్లి.

లక్షలమంది ఆడారు. ఏ మాట ఎన్నిసార్లు కట్టారో ఆఫీసు కంప్యూటర్ చూపిస్తుంది. ఐదు నెలలపాటు ఆ ఏడింటి పక్కనా సున్నాలే. ఓ సోమవారం ఆమె మంచం దిగలేదు. మంగళవారమూ దిగలేదు. వాడు ఇక లేడని గోడవైపు తిరిగి ఏడ్చింది.

గురువారం కాళ్లీడ్చుకుంటూ ఆఫీసుకు వెళితే, గుబిలి పక్కన ఒకటి ఉంది.

వారం తిరక్కుండా టింకారు. తర్వాత చెమ్మిడు. అన్నీ ఒకే ఫోన్ నుంచి.

"ఇవాళేమైనా వచ్చిందా?" సాయంత్రం గుమ్మంలోనే అడిగేది తల్లి. వచ్చిందన్న రోజు కంచం ఖాళీ అయ్యేది. ఆమె బుగ్గలు మళ్లీ నిండాయి. అన్నయ్య గది దులిపి, పక్క మీద కొత్త దుప్పటి కూడా పరిచింది.

ఆరు మాటలయ్యాయి. ఇక ఉండబట్టలేక, కంప్యూటర్ల గది చూసే అతని వెంటపడి బతిమాలింది. ఆ ఫోన్ ఏ ఊళ్లో ఉందో చెప్పమంది.

"చెప్పకూడదు పిన్నీ" అని కాసేపు నసిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "మన ఊళ్లోనే ఉంది" అన్నాడు.

ఆమెకు కాళ్లు నేలమీద నిలవలేదు. ఇంతకాలం వాడు ఈ వీధుల్లోనే తిరుగుతున్నాడన్నమాట. ఈ సంగతి ఫోన్‌లో చెప్పేది కాదు. మిట్టమధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి పరుగెత్తింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లింది.

కిటికీ పక్కన కూర్చున్న తల్లి, కళ్లజోడు ముక్కు చివరికి జారినా పట్టించుకోకుండా, వేలితో ఒళ్లోని ఫోన్ మీద ఏడో మాటకు ఆఖరి పలక జరుపుతోంది.