పాత చోటికి లాగేది

"పిన్నీ, మీకు దణ్ణం పెడతాను, ఆ డ్రమ్ము మళ్ళీ నింపకండి!"

పక్కింటి పిన్ని మూతి తిప్పింది. "బాగుందమ్మా! నేను మానేస్తే పై అంతస్తు వాళ్ళు పట్టేసుకుంటారు."

"వాళ్ళు మానేశారు పిన్నీ. అందరం దాస్తున్నామనే ట్యాంకు ఎండుతోంది. ఎండుతోందనే అందరం దాస్తున్నాం. గానుగెద్దుల్లా ఎన్నాళ్ళు తిరుగుదాం?"

ఈ మాటలు ఆమె తన భర్త దగ్గర నేర్చినవే. మార్పు ఎలా తేవాలో ఆయన కంపెనీల్లో పాఠాలు చెబుతాడు. "ఏదీ ఊరికే మారదోయ్. పాత చోటికి లాగేది ఎక్కడో దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి," అంటాడు.

ఆమెకి పట్టుకోక తప్పదు. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం రెండుసార్లు చేతికొచ్చి నోటికందలేదు. నీళ్ళు ఏ వేళకి వస్తాయో దేవుడికెరుక. ఇంట్లో ఎవరో ఒకరు కుళాయికి కాపలా ఉండాలి. ఎవరో ఒకరంటే ఇంకెవరు, ఆమే! నాలుగు గోడల మధ్య పిచ్చెక్కిపోతోంది.

"నా చేతుల్లో ఏముంది చెప్పు?" అనేవాడాయన, రోజూ పొద్దున్నే ట్యాంకు డాబా మీద వ్యాయామం చేసి దిగుతూ. అక్కడి కడ్డీ పట్టుకుని వేలాడతాడట, చేతిరుమాలు నిండా తుప్పు మరకలు. ఉన్న చెంబెడు నీళ్ళూ ఆ మరకలు ఉతకడానికే సరి. తనూ వస్తానంటే, "ఇనుప నిచ్చెన, పడతావు," అనేవాడు ప్రేమగా.

చివరికి పిన్ని కూడా దిగొచ్చింది. భర్త పాఠాలకని వేరే ఊరెళ్ళిన ఆ వారమంతా, తిప్పితే చాలు నీళ్ళు! ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. సోమవారం చేరతానని ల్యాబుకి ఫోన్ చేసింది.

ఆదివారం తిరిగొచ్చిన భర్త వీపు తట్టాడు. "నా శిష్యురాలివనిపించావు!"

సోమవారం ముస్తాబై కుళాయి తిప్పింది. బుస్సుమని గాలి. చుక్క లేదు.

"చూశావా, మళ్ళీ దాస్తున్నట్టున్నారు," అన్నాడు భర్త బూట్లు వేసుకుంటూ. "ఇవాళ వెళ్ళకు. మధ్యాహ్నం వస్తే పట్టి పెట్టు."

ఆయన వెళ్ళాక, గోడవతల నీళ్ళ చప్పుడు వినిపించింది.

"పిన్నీ! మీకొస్తున్నాయా?"

"ఆగితే ఒట్టు! ఏం, మీకు రావట్లేదా?"

పాత చోటికి లాగేది ఎక్కడుందో చూసి తీరాలనుకుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి నిచ్చెనెక్కింది. ట్యాంకు పొంగి పొర్లుతోంది. వేలాడే కడ్డీ ఎక్కడా కనబడలేదు. ట్యాంకు కింద ఇంటికొకటి చొప్పున తుప్పు పట్టిన వాల్వులు, పక్కన ఇళ్ళ నంబర్లు. వంగి తమ నంబరు వెతికింది.

బిగించి ఉన్న తమ వాల్వుకి ఆయన చేతిరుమాలు చుట్టి ఉంది.