పొడుగు లైటు

"నవ్వు," అన్నాడు మహేశ్వర్. "నవ్వకుంటే ఏమైతదో తెలుసు గద."

జములమ్మ నవ్వింది. ఎడమ చెంప లాగి, నొప్పి చెవి దాకా పాకింది. అయినా నవ్వు చెరగనివ్వలేదు.

గద్వాల పాత బస్టాండు వెనక సందులో ఉంది ఇస్రాయేలు ఫోటో స్టూడియో. తలుపు మూస్తే లోపల గాలి ఆడదు. ఆమె స్టూలు మీద కూర్చుంది. మొగుడు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఇంటి దగ్గర పౌడరు అతనే అద్దాడు. కమిలిన చోటు తెల్లబడేదాకా, ఆమె పళ్లు బిగించుకునేదాకా అద్దాడు.

ఈ ఫోటో అలంపూర్‌లో ఉన్న ఆమె అన్న కురుమయ్యకు పోవాలి. అతను చెల్లెలిని చూసి ఐదు నెలలైంది. రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ మహేశ్వర్ ఏదో ఒకటి చెప్పి గడప దగ్గరే తిప్పి పంపాడు. మొన్న ఉత్తరం వచ్చింది. చెల్లెలి ముఖం చూపించు, ఫోటో అయినా సరే, లేకుంటే పెద్దమనుషులను తోలుకొని వస్త అని.

ఫోటో బాగా వస్తే అన్న రాడు. అన్న రాకపోతే ఇంకెవరూ రారు. నోరు విప్పితే ఈ పూట ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు.

ఇస్రాయేలు అరవై దాటిన మనిషి. వంగి, ఆమె చెంపను దగ్గరగా చూశాడు. జములమ్మ అతని కళ్లలోకి చూసింది. అడగలేనిదంతా ఆ చూపుతోనే అడిగింది.

"ఏమైంది పటేలా?" అతను మహేశ్వర్‌నే అడిగాడు.

"బాయి మెట్ల మీద జారిపడ్డది."

"ఆడోళ్లకు కండ్లు నెత్తి మీద ఉంటయి."

"నీకేం ఎరుక అన్నా. నీ ఇంట్ల ఆడదే లేకపాయె."

"అవు పటేలా. పోయి తొమ్మిదేండ్లు. నీకున్న అదృష్టం నాకేడిది?"

ఇద్దరూ నవ్వారు. జములమ్మ చూపు దించుకుంది.

ఇస్రాయేలు ఎదురుగా గొడుగంత పెద్ద లైటు పెట్టాడు. ముఖమంతా తెల్లటి వెలుగు పరుచుకుంది. ఒక ఫోటో తీశాడు. తర్వాత దాన్ని ఆర్పేసి, మూలన ఉన్న మరొకటి లాక్కొచ్చాడు. మనిషంత పొడుగు, జానెడు వెడల్పు. చుట్టూ నల్లగుడ్డ, ముందువైపు పలచటి తెల్లగుడ్డ.

"గిదేంది కొత్తది?"

"గిది గూడ మెత్తటి వెలుగిచ్చే సాఫ్ట్‌బాక్సే, సన్నది. హైదరాబాద్ల హీరోయిన్లకు గిదే పెడతరు. ముక్కు, మొఖం చెక్కినట్టు వస్తయి."

"పెట్టు మరి. మా బావ కండ్లు చల్లగైతయి."

లైటు ఆమె ఎడమ చెవి పక్కన నిలిచింది. సన్నటి వెలుగు నిలువునా పడింది. మొగుడు వెనకగదిలో వేసి గొళ్లెం పెట్టిన ఐదు రోజులూ ఆమె చూసిన వెలుగు ఇలాంటిదే. తలుపు సందులోంచి గీతలా పడేది.

"స్టాండు వదులైంది. జర పట్టుకోండ్రి పటేలా. పడితే ఆమె మీదనే పడతది."

మహేశ్వర్ లైటు వెనక్కి పోయి స్టాండు పట్టుకున్నాడు. అతని ఊపిరి ఆమె మెడకు తగిలింది. ఆమె ఇస్రాయేలు వైపు తిరిగింది.

"కదలకు," కసిరాడు ఇస్రాయేలు. "నా దిక్కు ఎందుకు చూస్తవ్? కుడిదిక్కు గోడను చూడు. పటేలా, ఇంకింత వెనక్కి గుంజుండ్రి. ఆ, గంతే. మీకు ఎట్ల కనబడుతుంది?"

మహేశ్వర్ లైటు పక్క నుంచి తొంగి చూశాడు. "నున్నగ ఉన్నది. ఏం కనబడ్తలేదు."

"గట్లనే ఉండుండ్రి."

రెండో ఫోటో తీశాడు.

మహేశ్వర్ అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటుంటే, ఆమెకు ఒక్క నిమిషం దొరికింది. "అన్నా," అంది, పెదవి కదలకుండా.

దువ్వెన ఆగింది. "ఏమంటుంది?"

జములమ్మ మళ్లీ గోడ వైపు తిరిగింది.

"నీళ్లు అడుగుతుంది," అన్నాడు ఇస్రాయేలు, రీలు చుడుతూ. "ఇంటికి పోయి తాగమనుండ్రి. ఇది హోటలు గాదు."

మొగోళ్లంతా ఒకటే అనుకుందామె.

మూడోనాడు మహేశ్వర్ ఒక ఫోటో, ఒక కవరు తెచ్చాడు. ఫోటో ఆమె ముఖం ముందు పెట్టాడు. తెల్లటి ముఖం. నవ్వు. మచ్చ లేదు, మరక లేదు. పండుగనాడు తీసినట్టుంది.

"చూసినవా? పనోడంటే వాడు. మీ అన్నకు పోయేదాన్ని అట్టముక్కల నడుమ పెట్టి వాడే అంటిచ్చిండు. చేతులు తగిలితే ఖరాబైతదంట."

కవరును పోస్టు డబ్బాలో అతనే వేసొచ్చాడు. జములమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇక ఎవరూ రారు.

ఆ తర్వాతి శుక్రవారం ఇంటి ముందు జీపు ఆగింది. కురుమయ్య దిగాడు. వెనకాల ముగ్గురు పెద్దమనుషులు.

"ఫోటో అందలేదా బావా?" మహేశ్వర్ నవ్వుతూ ఎదురుపోయాడు. "ఇంట్ల గూడ ఒకటి ఉన్నది, చూడుండ్రి. మొఖం గిట్లున్నంక ఇంగ పరేషాన్ ఏంది?" తన ఫోటోను అరుగు మీద పెట్టాడు.

తలుపు చాటు నుంచి జములమ్మ చూస్తోంది. పెద్దమనుషులు ఆ ఫోటో చూశారు. ఒకాయన తలూపాడు కూడా. ఆమె కళ్లు మూసుకుంది. ఇక వెనక్కి పోతారు. తలుపు మళ్లీ మూసుకుంటుంది.

జీపు కదిలిన చప్పుడు రాలేదు. ఆమె కళ్లు తెరిచింది.

కురుమయ్య తనకు వచ్చిన ఫోటోను దాని పక్కన పెట్టి ఉన్నాడు. మహేశ్వర్ తన చేతులతో పట్టుకున్న ఆ సన్నటి పక్క వెలుగులో, పౌడరు కింది వాపు అంచు అంచుకూ నీడ పడి, ఆమె చెంప మీద బెల్టు బిళ్ల నాలుగు మూలలూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి.